బ్రూమ్సెలె అనే మాట

గురువారం పొద్దున రోస్వీతా ఎప్లె తన పరిశోధన వ్యాసంలో నూట ముప్పై ఎనిమిదో పేజీ తెరిచేసరికి ఒక మాట మీద ఎర్రగీత పడి ఉంది. పక్కన ప్రొఫెసర్ టీడెమన్ చేతిరాత, చీమలు బారు కట్టినట్టు: "చీటీ లేదు. కనక మాట లేదు."

కొట్టేసిన మాట వాళ్ళమ్మది. పాలు పొంగడానికి ముందు గిన్నె అంచున కనబడే వణుకుని వాళ్ళమ్మ ఆ మాటతో పిలుస్తుంది. వాళ్ళమ్మ ఒక్కతే ఏమిటి, ఆ లోయలో పొయ్యి దగ్గర నిలబడే ప్రతి ఆడమనిషీ రోజుకు రెండుసార్లయినా అంటుంది. అయినా ఆ మాట లేదు. జర్మన్ శాఖ నాలుగో అంతస్తులో, మాండలిక నిఘంటువు గదిలో, గోడ పొడుగునా పేర్చిన మూడు వందల అరవై చెక్క సొరుగుల్లో ఎక్కడా దాని పేర చీటీ లేదు కాబట్టి.

ఆ గది గురించి కొత్తగా చేరినవాళ్ళకి మొదటి వారంలోనే చెబుతారు. అందులో నాలుగు లక్షల చీటీలున్నాయట. వాటి బరువుకే భవనం నేలమీద నిలబడి ఉందట. ఒకేసారి రెండు సొరుగులు లాగితే అటువైపు తేలికై నది మీదికి ఒరుగుతుందట. ఏడేళ్ళ కిందట రోస్వీతా ఆ మాటకి నవ్వింది. ఇప్పుడు పద్నాలుగో సెమిస్టరు. నవ్వే ఓపికా లేదు, నమ్మకపోయే ఓపికా లేదు. ఎందుకైనా మంచిదని ఒక్కొక్క సొరుగే లాగుతోంది.

వారానికి మూడు పూటలు ఆమె పని అదే. చీటీల అడుగున ఉన్న చిల్లుల్లోంచి దూర్చిన ఇత్తడి ఊచని బయటికి లాగడం, అక్షరం తప్పి కూర్చున్నవాటిని బొటనవేలితో తోసి సరైన చోట నిలబెట్టడం, ఊచ మళ్ళీ దూర్చడం. పెన్సిలే వాడాలి. వేలికి ఉమ్మి తడి చెయ్యకూడదు. ఏ చీటీనీ పారెయ్యకూడదు. తప్పని తేలినా సరే, దాని వెనక ఇంకో చీటీ పెట్టాలి తప్ప దాన్ని తియ్యకూడదు.

"మా అమ్మ రోజూ అంటుందండీ ఆ మాట," అంది రోస్వీతా, ప్రొఫెసర్ లోపలికి రాగానే.

టీడెమన్ ఉత్తరాన సముద్రపొడ్డు నుంచి వచ్చిన మనిషి. తలుపు కింద నుంచి ఎప్పుడూ కొంచెం వంగే వస్తాడు, తగలకపోయినా. ఈ దక్షిణాది కొండల యాస మీద ముప్పై ఏళ్ళుగా అధికారి. కాకపోతే ఆ యాసని ఆయన చూడటమే గాని వినడం తక్కువ.

"అనవచ్చు, ఫ్రాయ్‌లైన్ ఎప్లె. కానీ ఈ చీటీలు సేకరించిన పంతొమ్మిది వందల ఇరవై ఆరులో అనలేదు."

"అప్పటికి అమ్మ పుట్టలేదండీ."

"అదే నేను చెబుతున్నది." ఆయన కోటు కొక్కేనికి తగిలించాడు. "దాన్ని వదిలెయ్యండి. మంగళవారం మధ్యాహ్నం పన్నెండు. మూడోసారి గడువు పెంచరు. మీ తొమ్మిదో అధ్యాయం ఏది?"

తొమ్మిదో అధ్యాయం లేదు. ఎనిమిది అధ్యాయాలూ ఒకే మాట మీద ఉన్నాయి: బ్రూమ్సెలె. ఆ మాట చీటీ 'బ' సొరుగులో మధ్యన ఉంది. తీసి తీసి అంచులు నున్నబడి, మిగతా చీటీల కంటే కాస్త కుంగిపోయింది కూడా. దానిమీద ఇలా ఉంది: "బ్రూమ్సెలె. పని మొదలుపెట్టక ముందే ఒంట్లోకి వచ్చే అలసట. ప్రశ్న 37. క్రెట్సెన్‌బాఖ్ బడి, 1926. చెప్పినవారు: బాలిక, 9."

లోకంలో ఇంకెక్కడా ఈ మాట దొరకలేదు. అందువల్లే దానికి అంత విలువ. వెయ్యేళ్ళ కిందటి ఒక మఠం పుస్తకం అంచున సగం చెరిగిన ఐదక్షరాలు ఉన్నాయి. ఆ సగం మాటా ఈ మాటా ఒకటేనని టీడెమన్ కనిపెట్టాడు. పండితులు పోగొట్టుకున్నదాన్ని పల్లెటూరివాళ్ళు తమకే తెలియకుండా వెయ్యేళ్ళు దాచారన్నమాట. "జనం మాటల్ని పుట్టించరు, దాచిపెడతారు," అని ఆయన ప్రతి ఏడాదీ మొదటి పాఠంలో అంటాడు. విద్యార్థులు వేళ్ళ కణుపులతో బల్లల మీద టకటకా కొట్టి మెచ్చుకుంటారు. పరీక్షలో ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది కాబట్టి మరికాస్త గట్టిగానే కొడతారు.

"ఒక్క సజీవ సాక్ష్యం," అన్నాడు టీడెమన్. "ఆ మాట వాడే మనిషి ఒక్కరు. ఒక్క పేజీ చాలు. అప్పుడు సంతకం పెడతాను. జనవరి నుంచి ఈ గదిలో సగంపూట ఉద్యోగం ఉంది, అది మీదే. నేను ఇంకో ఏడాదిలో రిటైరవుతున్నాను. ఈ సొరుగులు తెలిసినవాళ్ళు కావాలి."

రోస్వీతా తల ఊపింది. ఒక్క పేజీ. ఆ తరవాత ఇక చాలు.

శుక్రవారం క్రెట్సెన్‌బాఖ్ చర్చి ఆఫీసుకి ఫోన్ చేసింది. ఇరవై ఆరులో బడికి వెళ్ళినవాళ్ళలో ఊళ్ళో మిగిలింది ఒక్కతే, సెంట్సీ రౌహూట్ అని చెప్పారు. "మాటలకేం లోటుండదు," అని కూడా చెప్పారు. "ఆపడమే కష్టం."

శనివారం బస్సు దిగి, పేడ ఎరువు చల్లిన పొలాల పక్కనుంచి పావుగంట నడిచింది. సెంట్సీ రౌహూట్ వంటింట్లో కూర్చుని ఆపిల్ పళ్ళు కోస్తోంది. అరవై ఏడేళ్ళ మనిషి, వెడల్పాటి మణికట్లు. పండుని చేతిలోనే తిప్పుతూ తొక్క తెగకుండా తీసి, మధ్యన గింజల గూడు గొట్టంతో పొడిచి లాగేసి, చక్రాలు చక్రాలుగా తరిగి, నూలుతాడుకి దండలాగా గుచ్చుతోంది. పొయ్యి పైన అప్పటికే ఆరు దండలు వేలాడుతున్నాయి.

"ఎవరి పిల్లవే నువ్వు?"

"ఓబర్‌ష్టెట్ ఎప్లె వాళ్ళ అమ్మాయినండీ."

"రంపం మిల్లు ఎప్లెనా, పెద్ద ముక్కు ఎప్లెనా?"

"పెద్ద ముక్కు."

"అవున్లే, అడక్కుండానే కనపడతంది. కూకో. పేరేటి?"

"రోస్వీతా."

"రోస్‌లె. ఇదిగో రోస్‌లె, సేతులు ఖాళీగా పెట్టుకోమాకు. ఆ కత్తి అందుకో."

ఏ పేరుకైనా చివర 'లె' తగిలించి చిన్నది చెయ్యడం ఆ లోయలన్నిట్లో అలవాటు. మనిషికైనా, మేకకైనా, పాలచెంబుకైనా. ఇంటికి వెళ్ళని ఈ నాలుగేళ్ళుగా ఆమెని రోస్‌లె అని పిలిచినవాళ్ళు లేరు. సంచీలో పుస్తకం, పెన్సిలు అలాగే ఉంచి కత్తి తీసుకుంది. పది పళ్ళు అయ్యాక అడిగింది.

"పెద్దమ్మా, బ్రూమ్సెలె అంటే ఏమిటి?"

సెంట్సీ కత్తి ఆపింది. పండు తొక్క సగంలో వేలాడుతోంది.

"దాని పేరు నీకెవరు సెప్పారే?"

"ఎవరి పేరు?"

"మా ఆవు పేరు."

రోస్వీతా చేతిలోని ఆపిల్ ముక్క నెమ్మదిగా పళ్ళెంలో పెట్టింది.

"మా నాన్న కొన్నాడు దాన్ని, నా సిన్నప్పుడు," సెంట్సీ మొదలుపెట్టింది. "సూడ్డానికి గట్టి ఆవే. కానీ నాగలి కళ్ళబడిందా, కూలబడిపోయేది. నాగలి దాకా ఎందుకు, మా నాన్న సొక్కా సేతులు మడిస్తే సాలు, మోకాళ్ళేసేది. ఒకసారి రైలు పట్టాల మీద పడుకుంది. బండి ఆగిపోయింది. డ్రైవరు దిగి సుట్ట ముట్టించి, అది కాలేదాకా సూసి, ఇంకోటి ముట్టించాడు. ఆఖరికి బండిలో జనమే దిగి తోశారు. సచ్చిపోయినప్పుడు నాలుగు రోజులు ఎవరికీ తెలవలేదు. పడుకుందిలే అనుకున్నాం."

"మరి... ఆ కాగితం? యూనివర్సిటీ నుంచి బడికి వచ్చింది, నలభై ప్రశ్నలు."

"ఆ, వొచ్చింది! పెద్ద కాగితం, మీద ముద్దర. పంతులు మా అందరినీ అడిగి రాశాడు. జలుబుని ఏమంటారు, సీమని ఏమంటారు, అన్నీ సెప్పాం. ముప్పయ్యేడో దాని కాడ ఆగిపోయాడు. పని సెయ్యకముందే అలిసిపోవడాన్ని మీ ఊళ్ళో ఏమంటారు అని. మా ఊళ్ళో అట్టాంటిది ఉంటేగా, మాట ఉండడానికి! మేం పని సేసినాకే అలుస్తాం. ఆ ప్రశ్న రాసినోడు యూనివర్సిటీవోడే అయ్యుంటాడు."

"ఖాళీగా వదిలెయ్యచ్చు కదా."

"ఖాళీగానా?" సెంట్సీ ఆమెకేసి జాలిగా చూసింది. "ముద్దరేసిన కాగితంలో గడి ఖాళీగానా? పంతులికి సెమటలు పోశాయి. క్రెట్సెన్‌బాఖ్ వోళ్ళకి భాష రాదనుకుంటార్రా అన్నాడు. ఎవురన్నా ఏదోటి సెప్పండ్రా అన్నాడు. నేను బ్రూమ్సెలె అన్నా. అందరూ నవ్వారు. ఆయన నవ్వలా. రాసేశాడు. రాశాక ఒత్తుడు కాగితం అద్ది, 'అమ్మయ్య' అన్నాడు. అంతే."

బయట కోళ్ళు అరిచాయి. ఎనిమిది అధ్యాయాలు. మఠం. వెయ్యేళ్ళు. పేజీల అడుగున ఉన్న మూడు వందల పన్నెండు వివరణలు. అన్నిటి కిందా ఒక ఆవు పడుకుని ఉంది, లేవదు.

నెమ్మదిగా, అడిగినదానికల్లా జవాబుగా, సంగతంతా చెప్పింది. మంగళవారం, సంతకం, సగంపూట ఉద్యోగం, పద్నాలుగు సెమిస్టర్లు.

"ఏడేళ్ళా?" అంది సెంట్సీ. "ఏడేళ్ళు సదివావా? మన భాషేగా?"

"మన భాషే."

"నోటికి రాదా ఏంటి?"

"వస్తుంది పెద్దమ్మా. అదే కష్టం."

సెంట్సీ ఇంకో పండు తీసుకుంది. "అయితే ఏముందే. నన్నేం సెప్పమంటావో సెప్పు, అదే సెబుతా. ఆ మాట మేం రోజూ అంటాం, మా నాయనమ్మా అనేది, సరిపోద్దా? నీ సదువు అయిపోద్ది. ఆవుకేం పోయింది, ఎప్పుడో పోయింది."

"అది అబద్ధం కదా."

"అబద్ధం తొమ్మిదో ఏటే ఆడేశా. ఇప్పుడు కొత్తగా ఆడేదేముంది?"

వెళ్ళేటప్పుడు సెంట్సీ రెండు దండలు ఆమె సంచీలో కుక్కింది. ప్రొఫెసర్ పేరేమిటని అడిగింది. రోస్వీతా చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ గదిలో టైపు మిషను ముందు కూర్చుంది. మూడు కాగితాలు, మధ్యలో రెండు కార్బన్లు, అంచులు కలిపి దూర్చింది. "క్రెట్సెన్‌బాఖ్‌లో ఈ మాట నేటికీ వాడుకలో ఉందని..." అని కొట్టి ఆగింది. 'ధ్రువపడింది' అని కొడితే చాలు. ఒక్క మాట. నడుం వాల్చవచ్చు.

మంచం మీద వాలి పైకప్పు చూసింది. జనవరి నుంచి ఆ గదిలో కూర్చోవాలి. ఏటా కొత్తవాళ్ళు వస్తారు, బ్రూమ్సెలె చీటీ చూపించమంటారు. ఊచ లాగి చూపించాలి. మఠం సంగతి చెప్పాలి. వాళ్ళు బల్లల మీద టకటకా కొడుతుంటే తను గంభీరంగా నిలబడాలి. ముప్పై ఏళ్ళు. రోజూ లేచి అదే అబద్ధాన్ని మళ్ళీ కొత్తగా మొయ్యాలి. నిజాయితీ గురించి ఆమె పెద్దగా ఆలోచించలేదు. ఓపిక గురించే ఆలోచించింది. అంత ఓపిక తనలో ఎక్కడ వెతికినా లేదు.

లేచి, కాగితాలు లాగేసి, కొత్తవి దూర్చి, ఆవు సంగతి ఉన్నది ఉన్నట్టు కొట్టింది. సరిగ్గా ఒక పేజీ వచ్చింది. నూట నలభై ఒకటో పేజీ. పై నూట నలభై పేజీలూ తప్పని చెప్పే పేజీ.

సోమవారం పొద్దున టీడెమన్ ఆ పేజీని కిటికీ దగ్గర నిలబడి చదివాడు. రెండోసారి కూర్చుని చదివాడు.

"చీటీకి యాభై ఎనిమిదేళ్ళు, ఫ్రాయ్‌లైన్ ఎప్లె. ఈవిడ జ్ఞాపకానికి రెండు రోజులు. శనివారం నాటిది. ఏది పాతదో దానికే బరువు."

"ఆ చీటీ చెప్పింది ఆవిడేనండీ."

"చీటీ చెప్పింది తొమ్మిదేళ్ళ బాలిక. ఆ బాలిక ఇప్పుడు లేదు."

"ఉందండీ. ఆపిల్ పళ్ళు కోస్తోంది."

టీడెమన్ కళ్ళజోడు తీసి తుడిచాడు, అది శుభ్రంగానే ఉన్నా. "ఈ పేజీతో మీ వ్యాసం తనని తానే తినేస్తుంది. ఇలాంటిదానికి నేను సంతకం ఎలా పెట్టను? ఎనిమిది అధ్యాయాలు నేను దిద్దాను. మీ నాలుగో అధ్యాయం నా పుస్తకంలో మూడోది." గొంతులో కోపం లేదు. మెట్లెక్కి వచ్చినవాడి గొంతులా ఉంది. "ఆవులకి మాటల పేర్లు పెట్టరా? మాట ముందు ఉండి, దాన్ని బట్టి ఆవుకి ఆ పేరు పెట్టి ఉండచ్చు కదా?"

"అడిగానండీ. వాళ్ళ నాన్న కొన్నప్పుడే ఆ పేరుతో వచ్చింది. అమ్మినవాడు పక్క దేశంవాడు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. తరవాత, "మీ పేజీ, సంతకం కాగితం ఇక్కడే ఉంచండి. రేపు పదకొండింటికి రండి," అన్నాడు.

ఆమె తలుపు దగ్గరికి వచ్చి వెనక్కి చూసింది. టీడెమన్ సొరుగు లాగాడు. చీటీ తీసి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు, దాని వెనక ఏదో రాసి ఉంటుందన్నట్టు.

మంగళవారం పదకొండు. తలుపు తాళం వేసి ఉంది. దానిమీద పిన్నుతో గుచ్చిన కాగితం: "క్రెట్సెన్‌బాఖ్‌లో ఉన్నాను. ఉదయం బస్సుకి వస్తాను."

రోస్వీతా నడవాలో బెంచీ మీద కూర్చుంది, ఒళ్ళో మూడు ప్రతులు, మూడూ క్లిప్పు అట్టల్లో, చివరి పేజీకి చోటు వదిలి. ముప్పై ఏళ్ళలో ఆయన ఏ ఊరికీ వెళ్ళలేదు. చీటీలే ఆయన దగ్గరికి వచ్చేవి. పదకొండుంబావు అయింది. పక్క గదిలోంచి ఎవరో క్రియాపదాలు వల్లిస్తున్నారు. కింద పరీక్షల విభాగం కిటికీ పన్నెండింటికి మూసేస్తారు. మూసేశాక ఎవరు కొట్టినా తెరిచిన చరిత్ర లేదు. ఒకసారి యూనివర్సిటీ అధ్యక్షుడే కొట్టాడని, లోపలి గుమస్తా "రేపు రండి" అన్నాడని చెప్పుకుంటారు.

పదకొండున్నరకి మెట్ల మీద బూట్ల చప్పుడు వచ్చింది. టీడెమన్. బూట్లకి మోకాళ్ళదాకా బురద. చంకలో తోలుసంచీ, మెడలో నూలుతాడుకి గుచ్చిన ఆపిల్ చక్రాల దండ. అది మెడలో ఉన్న సంగతి మరిచిపోయినట్టున్నాడు.

"ఫ్రాయ్‌లైన్ ఎప్లె! మనం గెలిచాం!"

తలుపు తాళం రెండు ప్రయత్నాల్లో తీశాడు. సంచీలోంచి బల్ల మీద పరిచాడు. చీటీలు కావవి. బీరు గ్లాసుల కింద వేసే గుండ్రటి అట్టలు, ఐదు.

"చీటీలు అయిపోయాయి. సత్రంవాడిని అడిగి ఇవి తీసుకున్నాను. నిన్న మధ్యాహ్నం నుంచి రాత్రి భోజనం దాకా ఆవిడ వంటింట్లోనే కూర్చున్నాను. నాలుగు గిన్నెల సూపు పెట్టింది! నన్ను నువ్వు అంది! ముప్పై ఏళ్ళలో నన్ను నువ్వన్నవాళ్ళు లేరు, మా అక్క తప్ప." మొహం ఎండకి కందినట్టు ఎర్రగా ఉంది. "ఆ మాట రోజూ వాడతారట. వాళ్ళ నాయనమ్మ బ్రూమ్సెలెతోనే పోయిందట, కోతలకి ముందు రోజు. అంతే కాదు, దానికి పిల్లలు కూడా ఉన్నాయి. ఇది చూడండి, బ్రూమ్సెలిగ్, ఆ అలసట పట్టినవాడు. ఇది బ్రూమ్సెల్బాంక్, అలా అలిసినవాళ్ళు కూర్చునే అరుగు. ఇంకా మూడు!"

"మరి ఆవు?"

"ఆవా? నవ్వింది. ఆవు లేదు ఏం లేదు, పిల్ల సరిగా వినలేదు అంది." ఆయన మెత్తగా అన్నాడు. "మీకు ఆవిడ యాస పట్టుబడలేదు. తప్పేం లేదు. ఆ కొండ యాస చాలా పాతది."

సముద్రపొడ్డు మనిషి, పక్క లోయలో పుట్టిన పిల్లతో అన్నాడు ఆ మాట.

"ఆ పేజీ తీసేద్దాం. ఇవి పెన్సిలుతో చేర్చండి, పది నిమిషాల పని. నేను సంతకం పెట్టేస్తాను." కలం మూత తీశాడు.

పదకొండు నలభై. సెంట్సీ తను చెబుతానన్నది చెప్పేసింది, అడక్కుండానే, ఐదింతలు చేసి. ఇప్పుడిది రోస్వీతా ఆడే అబద్ధం కూడా కాదు. ఊరికే ఊరుకుంటే చాలు. ఊరుకోవడానికి ఓపిక కూడా అక్కర్లేదు. చెయ్యి దానంతటదే అట్టల మీదికి వెళ్ళింది. ఒక్కొక్కటే తిప్పి చదివింది. ఒకటి. రెండు. మూడు. నాలుగోది చదివి మళ్ళీ చదివింది.

నవ్వు ముక్కులోంచి వచ్చింది. నోరు మూసుకుంటే భుజాల్లోంచి వచ్చింది. ఎన్నాళ్ళయిందో అలా నవ్వి, ఆపుకోవడం ఎలాగో మరిచిపోయినట్టుంది.

"ఏమిటి?" అన్నాడు టీడెమన్.

ఆమె చెప్పలేకపోయింది. అట్ట ఆయన చేతిలో పెట్టింది. "గట్టిగా చదవండి. మా లోయలో పలికినట్టు. చివర 'లె' విడిగా."

ఆయన అట్టని దూరంగా పట్టుకుని, తన రాత తనే చదివాడు. "టీడెలె. పెట్టిందల్లా మింగేసి ఇంకా వడ్డించమనేవాడు. అతి ప్రాచీన రూపం కావచ్చు."

"మళ్ళీ."

"టీడె... లె."

టీడెమన్ పెదాలు ఇంకోసారి కదిలాయి, శబ్దం లేకుండా. అప్పుడు చెయ్యి మెడ దగ్గరికి వెళ్ళింది. ఆపిల్ దండ తగిలింది. నెమ్మదిగా తలమీంచి తీసి బల్ల మీద పెట్టాడు, పగిలిపోయే వస్తువులా.

"నా కళ్ళల్లోకి చూస్తూ చెప్పింది," అన్నాడు.

"నా కోసం చెప్పిందండీ. నేను పాసవ్వాలని."

"నాలుగో గిన్నె సూపు వడ్డిస్తూ చెప్పింది. నేను అర్థం అడిగితే ఒక్క క్షణం నా కంచంకేసి చూసి చెప్పింది." కుర్చీలో కూలబడ్డాడు. ఇప్పుడు అరవై నాలుగేళ్ళూ కనబడుతున్నాయి. "ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాను, జనం మాటల్ని పుట్టించరని. దాచుకుంటారని, బీరువాల్లాగా. ఈవిడ ఒక్క మధ్యాహ్నం, సూపుకీ చీజుకీ మధ్య, ఐదు పుట్టించింది. ఒకటి నన్ను చూసే పుట్టించింది." ఆగాడు. "మీరు చెప్పండి. మాట బాగుందా?"

"చాలా బాగుందండీ."

"నిలబడుతుందంటారా?"

"ఈపాటికి ఊళ్ళో తిరుగుతూ ఉంటుందండీ."

టీడెమన్ కళ్ళు మూసుకుని తెరిచాడు. గోడ గడియారం చూశాడు. సొరుగులోంచి నిన్నటి పేజీ మూడు ప్రతులూ తీశాడు. సంతకం కాగితం ముందుకు లాక్కుని సంతకం పెట్టాడు. తరవాత ఆ పేజీ అడుగున, మూడింటి మీదా, పెన్సిలు కాదు, సిరాతో ఏదో రాశాడు. మూడు పేజీలూ మూడు ప్రతుల చివర తనే దూర్చాడు.

"పరిగెత్తండి," అన్నాడు.

నాలుగు అంతస్తులు దిగేసరికి పన్నెండుకి నాలుగు నిమిషాలుంది. కిటికీ తలుపు సగం దించి ఉంది. గుమస్తా దానికింద నుంచి చూశాడు.

"ఎప్లె, రోస్వీతా. ఈసారి నిజంగానేనా? మీరు రారని పందెం కట్టాను."

"ఎవరితో?"

"నాతోనే. ఇంకెవరూ ఒప్పుకోలేదు."

మూడు ప్రతులూ, సంతకం కాగితమూ లోపలికి తోసింది. అతను పేజీలు లెక్కపెట్టడు, మందం చూస్తాడు. మొదటి పేజీ, చివరి పేజీ, అంతే. చివరి పేజీ దగ్గర వేలు ఆగింది.

"ఇదేమిటి? చేతిరాత ఉంది. ఇది టీడెమన్‌గారి రాతే."

ఆమె కిటికీ మీదుగా వంగి తలకిందులుగా చదివింది. "పై సంగతి నిజం. సోమవారం నేనూ వెళ్ళాను. నాకు ఆవిడ చెప్పిన ఐదు మాటలూ అప్పటికప్పుడు పుట్టించినవి. నమ్మాను." కింద పేరు, తేదీ.

"విద్యార్థి వ్యాసంలో ప్రొఫెసర్ రాయకూడదు," అన్నాడు గుమస్తా. "నిబంధన ఉంది. మార్కులు వేసేవాడు అందులో రాస్తే ఎలా?"

"ఆయన అక్కడ ప్రొఫెసర్ కాదండీ. సాక్షి."

గుమస్తా ఆలోచించాడు. గడియారం ముల్లు ఒక గీత జరిగింది.

"సాక్షయితే మార్కులు వెయ్యకూడదు."

"వెయ్యరు."

"మరి ఎవరేస్తారు? రెండో పరీక్షకుడా? ఆయనకీ ఈయనకీ పడదు. మీకు మంచి మార్కులే వస్తాయేమో, ఈయన పరువు తియ్యడానికైనా."

"రానివ్వండి. రాకపోనివ్వండి."

అతను ఆమె మొహంకేసి కాసేపు చూసి, సంతకం కాగితంలో పరీక్షకుడి పేరున్న గడిలో టీడెమన్ పేరు అడ్డంగా కొట్టేశాడు. సాక్షి అనే గడి ఆ కాగితంలో లేదు. స్కేలు పెట్టి అంచున ఒకటి గీసి, అందులో ఆ పేరే రాశాడు. తరవాత ముద్ర. ఒకటి. రెండు. మూడు.

"ఎన్నో సెమిస్టరు?"

"పద్నాలుగు."

"అయిపోయింది. రేపట్నుంచి రానక్కర్లేదు."

కిటికీ తలుపు కిందికి దిగింది. రోస్వీతా కదల్లేదు. వెనక వరసలో ఎవరూ లేరు, తప్పుకోమనడానికి.